గర్భసంచి జారడం: సరిహద్దు ఊళ్ల ఆడవాళ్ల ప్రశ్నలు, జవాబులు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ఇళ్లలో ఆడవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలివి. మీటింగులో అందరి ముందూ ఎవరూ అడగరు. అంతా లేచి వెళ్లేటప్పుడు ఒకరు వెనకబడి, "మా వదినకి ఇలా ఉందట" అని మొదలుపెడతారు. ఆ వదిన ఎవరో అడగనక్కర్లేదు. కాబట్టి ఇక్కడ మొహమాటం పక్కన పెట్టి రాస్తున్నాను.

గర్భసంచి జారడం అంటే ఏమిటి?

పొత్తికడుపు అడుగున, ముందున్న ఎముక నుంచి వెనక తోకెముక దాకా, కండరాలు ఊయల కట్టినట్టు పరుచుకుని ఉంటాయి. మూత్రసంచి, గర్భసంచి, మలాశయం వీటి ఆసరాతోనే నిలబడతాయి. గర్భసంచిని పక్కల నుంచీ వెనక నుంచీ పట్టి ఉంచే బంధనాలు వేరే ఉన్నాయి. కండరాలు సాగినా, కాన్పులో చిరిగినా, బంధనాలు వదులైనా గర్భసంచి యోనిలోకి దిగుతుంది. మొదట్లో లోపలే కాస్త కిందికి వస్తుంది, మనకు తెలియదు. తర్వాత ద్వారం దాకా వస్తుంది. ఆ పైన ముక్కినప్పుడో బరువెత్తినప్పుడో బయటికి కనబడుతుంది. చివరి దశలో మొత్తం బయటే ఉండిపోతుంది.

చాలాసార్లు గర్భసంచి ఒక్కటే దిగదు. ముందు గోడతో పాటు మూత్రసంచి, వెనక గోడతో పాటు మలాశయం కూడా ఉబ్బి కిందికి వస్తాయి. ఒక్కోసారి గర్భసంచి దాని చోటే ఉండి, మూత్రసంచి మాత్రమే దిగుతుంది. చేతికి తగిలేది ఏమిటో మనం ఇంట్లో తేల్చలేం. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

నాకు ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

పొద్దున్న లేచినప్పుడు ఏమీ ఉండదు. పొలం పని చేసి, నీళ్లు మోసి, సాయంత్రానికి కింద బరువుగా, ఏదో జారిపోతున్నట్టు ఉంటుంది. పడుకుంటే తగ్గుతుంది. స్నానం చేసేటప్పుడు మెత్తటి ముద్దలాంటిది చేతికి తగులుతుంది. నడుము కింది భాగం లాగుతుంది. మూత్రం పోసినా ఇంకా మిగిలినట్టు ఉంటుంది, లేదా దగ్గినా తుమ్మినా చీర తడుస్తుంది. కొందరు వేలితో లోపలికి నెడితే గానీ మూత్రమో మలమో సరిగ్గా రాదు. ఈ చివరిది ఎవరూ తమంతట తాము చెప్పరు, డాక్టర్లు కూడా అడగడం మరిచిపోతారు. మీకు అలా ఉంటే అడక్కపోయినా చెప్పండి.

నడుం నొప్పి ఒక్కటే ఉంటే అది జారడం కాకపోవచ్చు. తెల్లబట్ట ఒక్కటే ఉన్నా అంతే. ఆ రెంటికీ వేరే కారణాలు చాలా ఉంటాయి.

ఎందుకు జారుతుంది? మా అత్తగారు కాన్పయిన వారానికే నాట్లకు వెళ్లారట, ఆవిడకేమీ కాలేదు కదా?

ఆవిడకేమీ కాలేదో, అయినా చెప్పలేదో మనకి తెలీదు. చెప్పకుండా గుడ్డ మడిచి పెట్టుకుని, గోచీ బిగించి ఏళ్లు నెట్టుకొచ్చినవాళ్లు ఈ ప్రాంతంలో తక్కువేమీ కాదు.

అన్నిటికన్నా పెద్ద కారణం యోని ద్వారా జరిగే కాన్పు. అందులోనూ గంటల తరబడి సాగిన నొప్పులు, పెద్ద బిడ్డ, పట్టకారు వేసి తీసిన కాన్పు, లోపలి కండరం చిరగడం. కాన్పులు పెరిగే కొద్దీ, వాటి మధ్య ఎడం తగ్గే కొద్దీ ప్రమాదం పెరుగుతుంది. ముట్లు ఆగిపోయాక ఈస్ట్రోజెన్ హార్మోను తగ్గి కణజాలం పల్చబడుతుంది. ముప్ఫైలో సాగిన కండరం యాభైలో చేతులెత్తేయడానికి కారణం అదే. కొందరికి పుట్టుకతోనే ఈ కణజాలం బలహీనం. అమ్మకో అక్కకో ఉంటే మీకూ వచ్చే అవకాశం ఎక్కువ.

ఇవన్నీ మన చేతిలో లేనివే అనిపించొచ్చు. కానీ ఇంకో వరస ఉంది: కడుపులో ఒత్తిడిని రోజూ పెంచేవి. కొండ మీంచి కట్టెల మోపు దించడం, నీళ్ల బిందెలు, జీడిపిక్కల బస్తాలు, ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకంతో ముక్కడం, ఒళ్లు బరువు. వీటిలో చాలావరకు తగ్గించుకోవచ్చు, ఇంట్లోవాళ్లు సాయం పడితే. ఆడవాళ్లకి జాగ్రత్తలు చెప్పి, బిందెను మాత్రం వాళ్ల నెత్తినే ఉంచితే ఏం లాభం?

నాకు ఒక్కటే కాన్పు. నాకూ వస్తుందా?

రావచ్చు. మొదటి కాన్పులోనే కండరం ఎక్కువగా దెబ్బతినే అవకాశం ఉంది. సిజేరియన్ అయితే ప్రమాదం తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. అలాగని ఈ భయంతో సిజేరియన్ కోరుకోవద్దు. ఆ ఆపరేషన్‌కి దాని ఇబ్బందులు దానికి ఉన్నాయి.

పిల్లల ఆపరేషన్ వల్ల జారిందంటున్నారు, నిజమేనా?

కాదు. ఆ ఆపరేషన్‌లో ట్యూబులు కట్టేస్తారు, గర్భసంచిని పట్టి ఉంచే కండరాల జోలికి పోరు. ఆపరేషన్ చేయించుకునే నాటికి రెండు మూడు కాన్పులు అయి ఉంటాయి కాబట్టి నింద దాని మీద పడుతుంది.

కాన్పప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకుంటే మంచిది?

ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. గర్భసంచి ముఖద్వారం పూర్తిగా, అంటే సుమారు 10 సెంటీమీటర్లు, తెరుచుకోక ముందు ముక్కకూడదు. నొప్పులు మొదలవగానే "ముక్కు, ముక్కు" అని చుట్టూ చేరిన పెద్దవాళ్లు అరుస్తుంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ ద్వారం తెరుచుకోకుండా ముక్కితే బిడ్డ రాదు, తల్లి అలిసిపోతుంది, ఆ ఒత్తిడంతా బంధనాల మీద పడుతుంది. ముక్కాలని ఒంటికి దానంతట అదే అనిపిస్తుంది, అప్పటిదాకా ఆగాలి.

పొట్ట మీద చేతులతో నొక్కి, మోకాలు పెట్టి బిడ్డను కిందికి తొయ్యడం ఇంకో ప్రమాదం. మంత్రసాని చేసినా, ఆసుపత్రిలో ఎవరు చేసినా తప్పే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దనే చెబుతుంది. ఇంటి దగ్గర ఆర్‌ఎంపీ చేత "నొప్పుల ఇంజెక్షన్" వేయించుకుంటే గర్భసంచి చిరిగిపోయే ముప్పు కూడా ఉంది. అది జారడం కంటే వెయ్యి రెట్లు పెద్ద విషయం, ప్రాణం మీదికి వస్తుంది.

రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి లాంటి జిల్లాల్లో దారి లేని కొండ ఊళ్ల గర్భిణుల కోసం ఒడిశా ప్రభుత్వం "మా గృహ" అని వసతి ఇళ్లు పెట్టింది. కాన్పు తేదీకి ముందే వచ్చి అక్కడ ఉండొచ్చు. నొప్పులొచ్చాక మోసుకొచ్చే బాధ తప్పుతుంది, కాన్పు మితిమీరి సాగకుండా చూసేవాళ్లుంటారు. సవర, కోదు ఇళ్ల ఆడవాళ్లతో పాటు మనవాళ్లూ అడగొచ్చు. ఆశా దీదీని అడిగితే మీకు దగ్గర్లో ఎక్కడుందో చెబుతుంది.

ఒక బిడ్డ పుట్టాక మళ్లీ గర్భం ధరించడానికి కనీసం రెండేళ్లు ఆగితే ఒళ్లు కోలుకుంటుంది.

బాలింతగా ఎన్నాళ్లు బరువు ఎత్తకూడదు?

కనీసం ఆరు వారాలు. బిడ్డ బరువుకి మించింది ఏదీ ఎత్తకపోవడం మంచి కొలత. నిండు బిందె 10, 15 కిలోలు తూగుతుంది, అంటే నాలుగైదు మంది చంటి పిల్లల్ని ఒక్కసారి ఎత్తినట్టే. విశ్రాంతి అంటే మంచం దిగకపోవడం కాదు. ఇంట్లో తిరగాలి, నడవాలి. వద్దన్నది బరువు, గొంతుకూర్చుని గంటల తరబడి చేసే పని.

మన పురిటి ఆచారాల్లో మంచివీ ఉన్నాయి. పుట్టింటికి పంపడం, పని చెప్పకపోవడం నిజంగా పనికొచ్చేవి. ఇబ్బంది పథ్యంతో. కూర వద్దు, పప్పు వద్దు, నీళ్లు ఎక్కువ తాగొద్దు, కారప్పొడితో అన్నం తిను అంటే మలబద్ధకం రాక ఏమొస్తుంది? ముక్కీ ముక్కీ అప్పుడే పుండయిన కండరాన్ని ఇంకా సాగదీస్తారు. ఆకుకూర, పప్పు, పండు, దాహానికి తగ్గ నీళ్లు బాలింతకు అవసరం. కాయం ఉండ తింటే తినండి, దానితో పాటు ఇవీ తినండి.

నడుముకి గుడ్డ బిగించి కట్టడం గురించి కూడా అడుగుతారు. వదులుగా, హాయిగా ఉండేలా కట్టుకుంటే నష్టం లేదు. దానివల్ల గర్భసంచి పైకి పోతుందనుకోవడం మాత్రం తప్పు. ఊపిరాడనంత బిగిస్తే ఒత్తిడి కిందికే వస్తుంది.

కూలికి వెళ్లకపోతే ఇల్లు గడవదన్న మాట నిజం. ఒడిశా 2011లో మొదలుపెట్టిన మమత పథకం ఉద్దేశమే అది: కూలి పోతుందన్న బెంగ లేకుండా గర్భిణి, బాలింత విశ్రాంతి తీసుకోవాలని డబ్బు ఇవ్వడం. అంగన్‌వాడీలో పేరు రాయించుకోండి. ఆ డబ్బు వచ్చాక ఇంటి చిల్లరఖర్చుల్లో కలిసిపోతే విశ్రాంతి మళ్లీ ఎగిరిపోతుంది, అది వేరే గొడవ.

దగ్గుకీ దీనికీ సంబంధం ఏమిటి?

దగ్గిన ప్రతిసారీ కడుపులో ఒత్తిడి ఒక్కసారిగా కిందికి తన్నుతుంది. రోజుకి వంద సార్లు, ఏళ్ల తరబడి అంటే లెక్కేసుకోండి. కట్టెల పొయ్యి పొగ, బీడీ, చుట్ట. మన ఉత్తరాంధ్ర సరిహద్దు ఊళ్లలో పెద్దవాళ్లకి అడ్డపొగ అలవాటు, అంటే నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం. అంగిలికి క్యాన్సర్ తెస్తుందని అందరూ చెబుతారు. దగ్గు వల్ల గర్భసంచికీ చేటే అని ఎవరూ చెప్పరు. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే టీబీ పరీక్ష కూడా చేయించుకోవాలి. అది ఉచితం.

వ్యాయామం చేస్తే తగ్గుతుందా? ఎలా చేయాలి?

మొదటి దశల్లో చేస్తే ఇబ్బందులు బాగా తగ్గుతాయి, మరింత జారకుండా సాయపడుతుంది. పూర్తిగా బయటికి వచ్చేసిన దాన్ని వ్యాయామం లోపలికి పంపలేదు. ఆ ఆశ పెట్టుకోవద్దు.

ముందు కండరం ఏదో పట్టుకోవాలి. నలుగురిలో కూర్చున్నప్పుడు గ్యాస్ పోతుందేమోనని బిగబడతాం చూడండి, ఆ కండరమే. దాంతో పాటే మూత్రం ఆపుకున్నట్టు ముందు వైపు కూడా లోపలికి, పైకి లాగాలి. పొట్ట బిగించకూడదు, తొడలు నొక్కకూడదు, పిర్రలు గట్టిపడకూడదు, ఊపిరి ఆగకూడదు. పొట్ట మీద చెయ్యి వేసుకుని చూడండి. అది మెత్తగానే ఉంటే సరిగ్గా చేస్తున్నట్టు. చాలామంది కొత్తలో లోపలికి లాగడానికి బదులు కిందికి ముక్కుతారు. అలా చేస్తే మేలు లేకపోగా కీడు. అనుమానం ఉంటే నర్సమ్మ చేత ఒకసారి చూపించుకోండి.

మొదట వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి చేయండి. బిగించి ఐదు లెక్కపెట్టి వదలండి, మళ్లీ ఐదు లెక్కపెట్టేదాకా విశ్రాంతి. ఇలా పది సార్లు, రోజుకి మూడు పూటలు. అలవాటయ్యాక పది లెక్కపెట్టేదాకా పెంచండి, కూర్చునీ నిలబడీ చేయండి. పొయ్యి దగ్గర అన్నం ఉడికేటప్పుడో, బస్సులోనో చేసుకోవచ్చు, పక్కవాళ్లకి తెలియదు. ఫలితం తెలియాలంటే మూడు నెలలు పడుతుంది. వారానికి విసిగి మానేసినవాళ్లే "ఏం లాభం లేదు" అంటారు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి చేయడం మాత్రం అలవాటు చేసుకోవద్దు.

ఇంకో చిన్న కిటుకు. దగ్గు, తుమ్ము వచ్చే ముందు, బిందె ఎత్తే ముందు ఒకసారి బిగించండి. ఎత్తేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్లు వంచి, బిందెను ఒంటికి దగ్గరగా పట్టి, ఊపిరి వదులుతూ లేవండి. నిండు బిందె ఒకటి బదులు సగం బిందెలు రెండు మేలు.

రింగు పెడతామన్నారు. అది కాపర్-టీయేనా?

కాదు, చాలామంది ఇక్కడే పొరపడతారు. కాపర్-టీ పిల్లలు పుట్టకుండా గర్భసంచి లోపల పెట్టేది. ఈ రింగు యోనిలో పెట్టేది. మెత్తటి సిలికాన్‌తో గుండ్రంగా ఉంటుంది, దిగుతున్న గర్భసంచిని కింద నుంచి ఆపుతుంది. పిల్లలు పుట్టకుండా చేయదు. డాక్టర్లు దీన్ని పెసరీ అంటారు.

సైజు చూసి పెట్టాక మిమ్మల్ని నడిపిస్తారు, కూర్చోబెడతారు, మూత్రానికి పంపిస్తారు. సరిపోతే అది ఉన్నట్టే తెలియదు. మూడు నుంచి ఆరు నెలలకోసారి తీసి, కడిగి, లోపల పుండు పడిందేమో చూసి మళ్లీ పెట్టాలి. కొందరు ఇంట్లో తామే తీసి పెట్టుకోవడం నేర్చుకుంటారు. ముట్లు ఆగినవాళ్లకి యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము కూడా ఇస్తారు. పెట్టించుకుని ఏళ్ల తరబడి మరిచిపోతే మాత్రం పుండు పడుతుంది, మూత్రసంచికి రంధ్రం పడే ప్రమాదం కూడా ఉంది. గోడ మీద క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

మన వైపు ఆడవాళ్లు ఇన్నేళ్లు దాచుకుంటారు, తర్వాత ఒక్కసారిగా తీయించేసుకుంటారు. మధ్యలో ఈ రింగు ఒకటుందని వాళ్లకి చెప్పేవాళ్లే లేరు.

గర్భసంచి తీసేయాలన్నారు. తీయించుకోవాలా?

తొందరపడొద్దు. జారడానికి అసలు వైద్యం వదులైన ఆసరాను తిరిగి కట్టడం. గర్భసంచి తీయడం అందులో ఒక భాగం కావచ్చు, కాకపోవచ్చు. ఆసరా కట్టకుండా సంచి మాత్రం తీసేస్తే, ఆ తర్వాత యోని పైభాగమే కిందికి దిగే అవకాశం ఉంది. అందుకే "తీసేస్తారా?" అని అడగడం కంటే "ఆసరా ఎలా కడతారు?" అని అడగండి.

బయటికి వచ్చేసి, వయసు మళ్లి, పిల్లలు వద్దనుకున్నవాళ్లకి యోని మార్గంలోనే గర్భసంచి తీసి, గోడలు కుట్టి బిగించే ఆపరేషన్ చేస్తారు. పొట్ట కోయనక్కర్లేదు. గర్భసంచి ఉంచి చేసే ఆపరేషన్లూ ఉన్నాయి: ముఖద్వారం పొడవు తగ్గించి కట్టే మాంచెస్టర్ పద్ధతి, పైకి పట్టీలాగా లాగి కట్టే స్లింగ్ పద్ధతులు. వీటిలో ఒకటి మన దేశపు డాక్టరు వి.ఎన్. శిరోద్కర్ పేరుతోనే ఉంది. పిల్లలు కావాలనుకునే చిన్న వయసువాళ్లకి స్లింగ్ పద్ధతులు పనికొస్తాయి. కాకపోతే కాన్పులన్నీ అయ్యాక ఆపరేషన్ చేయించుకోవడమే మేలని చాలామంది డాక్టర్లు చెబుతారు, మధ్యలో రింగుతో నెట్టుకురావచ్చు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఆపరేషన్ మనవాళ్లలో మితిమీరింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తం మీద వందకి సుమారు ముగ్గురికి గర్భసంచి తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ లెక్క సుమారు తొమ్మిది. 2023లో సుప్రీంకోర్టు కూడా అనవసరంగా గర్భసంచులు తీసేయడం మీద తీర్పు ఇచ్చి, కేంద్రం రాసిన మార్గదర్శకాలను రాష్ట్రాలు అమలు చేయాలంది. తెల్లబట్టనో, నడుం నొప్పినో చూపించి "సంచికి పుండు పడింది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది" అని భయపెడితే వెంటనే ఒప్పుకోకండి. రెండో డాక్టరుకి చూపించండి. ముప్ఫై దాటినవాళ్లకి ముఖద్వారం క్యాన్సర్ పరీక్ష ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా చేస్తారు.

అండాశయాలు కూడా తీస్తారేమో ముందే అడగండి. చిన్న వయసులో అవి తీసేస్తే ఒక్కసారిగా ముట్లు ఆగిన లక్షణాలన్నీ మీద పడతాయి, ఎముకలు పెళుసవుతాయి, గుండెకీ మంచిది కాదు.

ఆపరేషన్ అయ్యాక మళ్లీ జారుతుందా?

కొందరికి జారుతుంది. మొదటి ఆరు వారాలు బరువులు వద్దు, ఆ తర్వాత కూడా చూసి ఎత్తాలి. దగ్గు, మలబద్ధకం తగ్గించుకోకుండా ఆపరేషన్ చేయించుకుంటే కుట్లు ఎన్నాళ్లు ఆగుతాయి?

భర్తతో కలవొచ్చా?

కలవొచ్చు, దానివల్ల ఇంకా జారదు. రింగు ఉన్నా ఇబ్బంది ఉండదు, కావాలంటే ముందు తీసి పెట్టుకోవచ్చు. నొప్పి, పుండు ఉంటే మాత్రం తగ్గేదాకా ఆగాలి. ఇది అంటువ్యాధి కాదు, ఆడదాని తప్పూ కాదు. ఈ మాట మీరు చెబితే వినకపోతే డాక్టరమ్మ దగ్గరికి ఆయన్నీ తీసుకెళ్లి ఆవిడ చేత చెప్పించండి.

ఆకు పసరు, పటిక పెడితే లోపలికి పోతుందంటారు?

పోదు. పటిక వల్ల పల్చబడ్డ చర్మం కాలినట్టయి పుండు పడుతుంది. గుడ్డలు కుక్కితే చీము పడుతుంది. బయటికి వచ్చినదాన్ని శుభ్రమైన చేత్తో, పడుకుని, మెల్లగా లోపలికి నెట్టుకోవచ్చు. బలవంతం వద్దు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

మూత్రం ఆగిపోతే, బయటికి వచ్చింది వాచి లోపలికి పోకపోతే, రాసుకుని పుండు పడి రక్తం కారితే, చలిజ్వరంతో నడుము పక్కల నొప్పి వస్తే అదే రోజు వెళ్లండి. పూర్తిగా జారిపోయినప్పుడు మూత్రనాళాలు మెలిపడి కిడ్నీలు కూడా దెబ్బతినొచ్చు. ముట్లు ఆగిన ఏడాది తర్వాత ఒక్క చుక్క రక్తం కనబడినా, జారినా జారకపోయినా, పరీక్ష చేయించుకోవాల్సిందే.

ఎక్కడికి వెళ్లాలి? ఒడియాలో చెప్పుకోవడం రాదు.

ముందు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి. అక్కడి నుంచి జిల్లా ఆసుపత్రికి, అవసరమైతే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీకో, కోరాపుట్ మెడికల్ కాలేజీకో పంపిస్తారు. మనవాళ్లు పర్లాకిమిడి నుంచి టెక్కలి, శ్రీకాకుళం, రాయగడ నుంచి పార్వతీపురం, విశాఖపట్నం వెళ్లడం మామూలే. భాష కోసం వెళ్తారు, తప్పులేదు. అయితే ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఒడిశా కార్డు ఉన్నవాళ్లకి వర్తించదు. 2025 ఏప్రిల్‌లో ఒడిశా ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయలు, ఆడవాళ్లకి అదనంగా మరో 5 లక్షలు. ఆ పథకంలో ఉన్న ఆసుపత్రి రాష్ట్రం బయట ఉన్నా చెల్లుతుంది. ఏ ఆపరేషన్ ఎక్కడ చేస్తారో, ముందస్తు అనుమతి ఏమిటో బయల్దేరక ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

బజారు ఒడియా అందరికీ వచ్చు, ఈ మాటలకే నోరు రాదు. "జరాయు తళకు ఖసుఛి" (గర్భసంచి కిందికి జారుతోంది) అంటే చాలు, డాక్టరుకి అర్థమవుతుంది. లేడీ డాక్టరు కావాలని అడగండి, తోడుగా ఒక ఆడమనిషిని లోపలికి రానివ్వమనండి. పరీక్షలో మిమ్మల్ని దగ్గమంటారు, ముక్కమంటారు, మూత్రం పరీక్ష చేస్తారు, అవసరమైతే స్కానింగ్. పొద్దున్నే పడుకోబెట్టి చూస్తే కొందరికి జారినట్టే కనబడదు. అలాంటప్పుడు "సాయంత్రం దిగుతుంది, నిలబెట్టి చూడండి" అని మీరే అడగాలి.

మా అమ్మకి డెబ్బై దాటాయి. ఇప్పుడు చూపించి ఏం లాభం?

ఆ వయసులో ఆపరేషనే చేయించాలని లేదు. రింగు, క్రీము, పుండుంటే దానికి మందు, దగ్గుకి వైద్యం, ఇవి చాలామందికి సరిపోతాయి. షుగరు, బీపీ, గుండె జబ్బు ఉన్నా రింగు పెట్టొచ్చు. ఒకసారి తీసుకెళ్లి చూపించండి. తడిసిన గుడ్డలు ఎవరికీ కనబడకుండా ఉతుక్కునే పని ఆవిడకి తప్పుతుంది.